నిండింది అన్నాను

నవ్వండి, నవ్వండి. బస్సెక్కినా లెక్కే, ఆటో ఎక్కినా లెక్కే అని నవ్వండి. మొన్న చాథంలో ఫెర్రీ ఎక్కుతుంటే అందరి ముందూ వేలు ఆడిస్తూ ఒకటి, రెండు, మూడు అన్నానని నీకు నామోషీ అయిపోయింది కదా మనోజ్? ఫ్రెండ్స్ చూశారు కదా? "మేమిద్దరమే కదమ్మా, మూడోది ఏ భూతం?" అన్నావు.

నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యను?

మీ చిన్నప్పుడు మూడోది నేనే అని చెప్పేదాన్ని. "మరి నాన్న ఉన్నప్పుడు నాలుగు అనాలి కదా?" అని అడిగింది హిమ. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. వేరే తల్లయితే పిల్ల తెలివికి మురిసిపోయేది. నేను దడుచుకున్నాను. రెండు రోజులు దాని మొహంలోకి చూడలేకపోయాను.

కూర్చోండి. ఆ బ్యాగు తరవాత సర్దుకుందువుగాని, ఓడ రేపు పొద్దున్న కదా. ఇంకా మధ్యాహ్నం మూడు కూడా కాలేదు. హిమా, ఆ ఫోను బోర్లించు. అరే, పది నిమిషాలు చూడకపోతే ఏం కొంపలు మునగవు! కొట్టు ఇవాళ తెరవను. ఈ వానలో బజ్జీల కోసం ఎవడొస్తాడు? మీ నాన్న ఆటో అయిదున్నరకి వస్తుంది. ఆలోపు నేను చెప్పాల్సింది చెప్పెయ్యాలి.

మీరు ఎప్పుడూ వినని కథ ఇది. మీ చెవిన పడకుండా ఇన్నేళ్ళూ నేనే కాపలా కాశాను.

హిమా, నీకు గుర్తుందా? సునామీ గురించి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకురమ్మన్నారు స్కూల్లో. నేనేం చెప్పాను? "మేం ఇక్కడే ఫెరార్గంజ్‌లో ఉన్నాం. భూమి ఊగింది, అటక మీద గిన్నెలు పడ్డాయి, అంతే" అన్నాను. నువ్వు గిన్నెలు పడుతున్నట్టు బొమ్మ కూడా వేశావు. టీచరమ్మ కింద గుడ్ అని రాసింది. ఆ గిన్నెలన్నీ అబద్ధం.

మేం హట్ బేలో ఉండేవాళ్ళం.

అవును, నువ్వు రేపు ఓడెక్కి వెళ్తున్న ఆ దీవిలోనే, ఆ హట్ బేలోనే. ఒడ్డునే మచ్చీడేరా అని జాలరోళ్ళ పేట. అందరూ మన శ్రీకాకుళం వైపు నించి వచ్చినవాళ్ళే. మీ తాత అప్పలరాముడు, నాయనమ్మ కామమ్మ, మీ నాన్న, నేను. ఇంకా...

ఆగు మనోజ్. వస్తాను అక్కడికి. నన్ను నా దారిన రానీ.

ఆ హట్ బే ఉద్యోగం వద్దని ఎందుకు ఏడ్చానో ఇప్పుడైనా తెలిసిందా? "కరెంటు పని దొరకడమే గొప్ప, నువ్వేంటమ్మా ఓడెక్కకుండానే శకునం చెప్తున్నావు" అని కసిరావు. నీ తప్పు లేదు. నాకు సముద్రం అంటే పడదని మాత్రమే తెలుసు నీకు. సముద్రపు చప్పుడు వినపడని ఊరు కావాలని మీ నాన్నని పీకి పీకి ఇక్కడికి తెచ్చాను. వలలు నేసిన చేతులు ఆటో హ్యాండిల్ పట్టుకున్నాయి. మన వాళ్ళకి దూరంగా, మన యాసకి దూరంగా మిమ్మల్ని పెంచాను. మీరు హిందీలో కలలు కంటారు. పోనీ, కనండి. హిందీలో అయితే అక్కడి వాళ్ళు కలలోకి రారనుకున్నాను.

పోయిన వారం హట్ బే నించి చిన్నమ్మి ఫోన్ చేసింది. మాకు పక్కింటి మనిషి. "వదినా, కుర్రాడొస్తన్నాడంట గదా, మా ఇంట్లోనే దిగమను. సూడాలనుంది" అంది. పేటవాళ్ళందరూ కలిసి పోయినవాళ్ళ పేర్లతో ఒక సిమెంటు దిమ్మ కట్టారట. మళ్ళీ రంగులు వేయిస్తున్నారట. "మన పిల్ల పేరు దాని మీద లేదు వదినా. ఎవుళూ రాయించలేదు. మరి రాయించమంటావేటి?" అని అడిగింది.

కూర మాడిపోతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద కూరేం లేదు.

నువ్వు ఎల్లుండి ఆవిడ గడప తొక్కగానే అంటుంది, "అమ్ములు తమ్ముడివేనా నువ్వు?" అని. అది నువ్వు ఆవిడ నోట వినకూడదు. అందుకే కూర్చోబెట్టాను.

అవును. మీకొక అక్క ఉండేది. అమ్ములు. నాలుగేళ్ళు.

అలా చూడకండి నన్ను. చూస్తే చెప్పలేను. హిమా, ఆ కిటికీ రెక్క వెయ్యి, జల్లు పడుతోంది.

సరే. ముందు ఈ పుస్తకం సంగతి చెప్తాను. దీని వల్లే నోరు తెరుస్తున్నాను కాబట్టి. నూనె మరకలున్నాయి, చూసి పట్టుకోండి. మూడు నెలల కిందట పోర్ట్ బ్లెయిర్ నించి తెచ్చిన పాత కాగితాల కట్టలో వచ్చింది. ఎప్పుడూ హిందీ పేపర్లు, ఇంగ్లీషు గైడ్లు వస్తాయి. తెలుగు పుస్తకం రావడమే వింత. నేనేమైనా చూశానా? అట్ట అప్పటికే లేదు. ముందు నించి ఒక్కో కాగితం చింపుతూ బజ్జీలు పొట్లాలు కట్టేశాను. నలభై పేజీలు. బస్సు కండక్టరు నాగేంద్ర లేడూ, వాడే తిన్నాడు సగం.

ఒకరోజు ఇలాగే వాన. గిరాకీ లేదు. చింపబోతూ ఒక వాక్యం చదివాను. "పొద్దున్నా సాయంత్రమూ మమ్మల్ని వరసల్లో నిలబెట్టి లెక్కపెట్టేవారు" అని ఉంది.

లెక్క అనేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

హిట్లర్ కాలంలో యూదుల్ని క్యాంపుల్లో పెట్టి చంపారు కదా, మనోజ్ నీకు పాఠంలో ఉంది, పది మార్కుల ప్రశ్న. ఆ క్యాంపులోంచి బతికి బయటపడిన ఒకావిడ రాసుకున్న పుస్తకం ఇది. ఎవరో తెలుగులోకి తెచ్చారు. ఆవిడ పేరేంటో తెలీదు. ఏ ఊరో తెలీదు. అవన్నీ ముందు పేజీల్లో ఉండి ఉంటాయి. బజ్జీలతో పోయాయి.

లెక్క తప్పకూడదట అక్కడ. మంచులో గంటలకొద్దీ నిలబెట్టేవారట. రాత్రి ఎవరైనా చచ్చిపోతే, ఆ శవాన్ని కూడా మోసుకొచ్చి వరస పక్కన పడుకోబెట్టాలట, లెక్క సరిపోవాలి కదా! బతికినవాళ్ళు, చచ్చినవాళ్ళు, అందరూ కలిపి సరిపోవాలి. ఒకరు తగ్గితే మళ్ళీ మొదటినించి. అక్కడ లెక్క తప్పకూడదు. మా ఇంట్లో లెక్కే పెట్టకూడదు.

అదేంటో చెప్తాను, చెప్తాను.

ఆవిడకి అప్పటికి పదిహేనేళ్ళు. రైలు దిగారు. చెల్లెలు ఉంది, ఆరేళ్ళది, చెయ్యి పట్టుకుని ఉంది. చారల బట్టలేసుకున్న ఖైదీ ఒకతను సామాను దింపుతూ, మొహం ఇటు తిప్పకుండానే, గుసగుసగా అన్నాడట: "పిల్లని ముసలావిడకి ఇచ్చెయ్." అంతే. ఎందుకో చెప్పలేదు. ఆవిడ చెల్లెలి చెయ్యి నాయనమ్మ చేతిలో పెట్టింది. ముసలివాళ్ళూ పిల్లలూ ఒక వైపు, పనికొచ్చేవాళ్ళు ఇంకో వైపు. ముసలివాళ్ళ వైపు వెళ్ళినవాళ్ళు ఆ సాయంత్రానికే లేరు.

పిల్లని ముసలావిడకి ఇచ్చెయ్. ఆ మాట దగ్గర పుస్తకం మూసేశాను. నూనె కాగుతోందని కూడా మర్చిపోయాను. పొగ వచ్చేస్తే పక్క కొట్టు సత్యారావు పరిగెత్తుకొచ్చాడు, "దీదీ, మనందరినీ తగలబెట్టేస్తావా?" అంటూ.

తరవాత రోజూ ఒక్కో పేజీ చదివాను. ఆవిడ చెల్లి, చెల్లి అనే రాస్తుంది. పేరు మొదట్లో ఒకసారి చెప్పేసి ఉంటుంది. ఆ కాగితం నేను పొట్లం కట్టేశాను! నాగేంద్రని అడిగాను కూడా, "భయ్యా, ఆ బజ్జీ కాగితాలు ఎక్కడైనా పడేశావా, బస్సులో ఉన్నాయా?" అని. "ఏంటి దీదీ, బజ్జీ ఎలా ఉందో అడగవు గానీ కాగితం ఎలా ఉందో అడుగుతావేంటి?" అని నవ్వాడు. బస్సులో అందరూ నవ్వారు. ప్రపంచంలో ఎక్కడో ఒక తల్లి కన్న పిల్ల. దానికి ఇంకేమీ మిగల్లేదు, ఒక్క పేరు తప్ప. ఆ పేరు నా చేత్తో నేను చింపి, మిరపకాయ బజ్జీ చుట్టి, రండి రండి అని అమ్మేశాను.

నేను పేర్లు పోగొట్టడంలో ముందునించీ ఘనురాలినే.

వెనక కొన్ని కవితలున్నాయి. హిమా, నువ్వు కూడబలుక్కునేసరికి సాయంత్రం అవుతుంది, ఇలా ఇవ్వు. వినండి:

రొట్టె గురించి అడగండి, చెప్తాను.
మంచు గురించి అడగండి, చెప్తాను.
చెల్లెలి చెయ్యి గురించి అడగకండి.
వదిలేసిన చెయ్యి
ఇంకా నా చేతిలోనే ఉంది.

ఇంకోటి, చిన్నది:

యుద్ధం అయిపోయిందన్నారు, అందరూ ఇళ్ళకి వెళ్ళారు.
నేను మాత్రం నిలబడే ఉన్నాను
ఒకరు తక్కువైన వరసలో.

ఇవి చదివినప్పుడు, నిజం చెప్తున్నాను, నాకు దుఃఖం రాలేదు. హాయిగా అనిపించింది. సిగ్గులేని హాయి! నాలాంటిది ఇంకొకతె ఉంది, ఆవిడా వదిలేసింది, పుస్తకం రాసింది, జనం చదివారు, ఎవరూ రాళ్ళు వెయ్యలేదు అనుకున్నాను. ఆవిడ చాటున దాక్కుందామనుకున్నాను.

ఆ దాక్కోవడం ఎన్నాళ్ళో సాగలేదు. మళ్ళీ మళ్ళీ చదివితే తెలిసింది. ఆవిడకి అలా చేసింది మనుషులు. పగపట్టి, పేర్లు రాసుకుని, రైళ్ళు కట్టి చేశారు. మాకు చేసింది సముద్రం, దానికి మా మీద పగేం లేదు. అది ఒక తేడా. రెండోది ఇంకా పెద్దది. ఆవిడ చెయ్యి వదలకపోయినా చెల్లి బతికేది కాదు, ఇద్దరూ పోయేవారు. ఆవిడకి ఏం జరుగుతుందో తెలీదు కూడా. నాకు తెలుసు.

నాకు తెలుసు అంటున్నాను. విన్నారా?

చెప్తాను. మీ నాన్నకి తెలిసిన కథ ముందు చెప్తాను. అసలుది తరవాత.

ఆదివారం. క్రిస్మస్ మర్నాడు. పొద్దున్న ఆరున్నర. నేను పొయ్యి దగ్గరున్నాను. భూమి ఊగింది చూడండి, మనిషి నిలబడలేకపోయాడు. కొబ్బరిచెట్లు తలలు తలలు కొట్టుకున్నాయి. ఆగాక అందరం బయటపడ్డాం. కాసేపటికి నీళ్ళు వచ్చాయి. మొదట మెల్లిగానే, మోకాలి లోతు. అరుగు దాకా వచ్చి వెనక్కి పోయాయి. మా ఇంజన్ డోంగీని, అదే మా పడవని, తాడుతో సహా ఎత్తి ఇంటి ముందు దించి పోయాయి.

మీ తాత నలభై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషి. "ఒడ్డునుంటే సచ్చిపోతాం. లోతుకి పోవాల. లోతులో కెరటం లెగదు. బేగి, బేగి ఎక్కండర్రా" అని అరిచాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. లోతుకి పోయినవాళ్ళం బతికాం. వెనక తోటల్లోకి పరిగెత్తినవాళ్ళూ బతికారు. ఎటూ తేల్చుకోలేక వీధిలో నిలబడినవాళ్ళు పోయారు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. పడవెక్కేటప్పుడు మనుషుల్ని లెక్కపెట్టకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. ఎంతమంది వస్తున్నారో గంగమ్మ చెవిన పడితే అందులో ఒకరిని అడుగుతుందట. అందుకని ఇంజన్ దగ్గరున్నవాడు "నిండిందా?" అంటాడు. ఆఖర్న ఎక్కిన ఆడమనిషి అందరినీ కళ్ళతో ఓసారి చూసుకుని "నిండింది" అనాలి. ఆ మాట వినపడితేనే పడవ కదులుతుంది. నోటికే నిషేధం. కళ్ళకి కాదు.

ఆ రోజు ఆఖర్న ఎక్కిన ఆడమనిషిని నేను.

ముందు భాగంలో మీ నాయనమ్మ, చిన్నమ్మి, చిన్నమ్మి పిల్లలిద్దరూ. చిన్నమ్మి మొగుడు నూకయ్య ఊళ్ళో లేడు. మధ్యలో ఈ ఎత్తున వలల గుట్ట. ఇటు నేను, మీ నాన్న. ఇంజన్ దగ్గర మీ తాత. మీ నాన్న తోసి ఎక్కాడు. "నిండిందా?" అన్నాడు మీ తాత. నేను "నిండింది" అన్నాను. వెళ్ళిపోయాం.

పావుగంట గడిచింది. పడవ కింద నించి ఏదో పెద్ద జంతువు వీపు దూరిపోయినట్టు నీళ్ళు ఉబికి ఒడ్డు వైపు వెళ్ళాయి. పడవ లేచి మళ్ళీ దిగింది, అంతే, మాకేం కాలేదు. కొంచెంసేపటికి ఒడ్డు నించి చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు చెప్పడానికి నాకు మాట లేదు. తిరిగి చూస్తే పేట లేదు.

అప్పుడన్నాడు మీ నాన్న, "అమ్ములేదీ?" అని.

నేను వలల గుట్ట మీదకి వంగి, "అత్తా, నీ కాడ లేదేటి?" అన్నాను.

మీ నాయనమ్మ తన ఒళ్ళోకి చూసుకుంది. ఒళ్ళో చిన్నమ్మి చిన్న కొడుకు ఉన్నాడు.

ఇదీ మీ నాన్నకి తెలిసిన కథ. తొందరలో, వలలు అడ్డం వచ్చి, పిల్ల నాయనమ్మ దగ్గరుందని నేననుకున్నాను. నా దగ్గరుందని నాయనమ్మ అనుకుంది. లెక్కపెట్టకూడదన్న ఆనవాయితీ కాబట్టి ఎవరూ చూసుకోలేదు. ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. పేటంతా ఇదే చెప్పుకుంది.

నీళ్ళు తాగనివ్వండి.

మనోజ్, నువ్వు లేవకు. లేస్తే మళ్ళీ చెప్పలేను.

పొద్దున్నే కోడిగంప ఎత్తడం అమ్ములు పని. ఇంకెవరైనా ఎత్తితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. గంప ఎత్తి, కోళ్ళు ఒక్కోటి బయటకొస్తుంటే వేలు పెట్టి లెక్కపెట్టేది. దానికి మూడు దాకానే వచ్చు. ఒకటి, రెండు, మూడు అని మళ్ళీ ఒకటి నించి మొదలెట్టేది. ఏడు కోళ్ళుంటే ఏడూ అలాగే. మీ తాత నవ్వేవాడు. "దీన్ని కోళ్ళ లెక్కకే ఉంచండర్రా, పడవెక్కించకండి, గంగమ్మకి అన్నీ సెప్పేస్తది" అనేవాడు.

డోంగీలో కాలు పెట్టాక నేను వెనక్కి చూశాను. ఆనవాయితీ ప్రకారం అందరినీ కళ్ళతో చూసుకున్నాను. ముందు నలుగురు. చిన్నమ్మి పిల్లలిద్దరే ఉన్నారని చూశాను. మూడో పిల్ల లేదని చూశాను. ఇంటి పక్కకి చూశాను. పసుపు గౌను. వంగి గంప ఎత్తుతోంది. తడిసిపోయిన కోడి ఒకటి బయటకొచ్చింది. పిల్ల వేలు పెట్టింది.

నలభై అడుగులుంటుంది. అంతే. ఇక్కడి నించి మన వీధి కుళాయి దాకా.

సముద్రం వైపు చూశాను. దూరంగా నీళ్ళ మీద తెల్లటి గీత. చాక్‌పీసుతో గీసినట్టుంది. అది ఏంటో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. నేనూ జాలరిదాని కడుపున పుట్టినదాన్నే. పరిగెత్తడానికి నలభై, తిరిగి రావడానికి నలభై. ఆ గీత అంతసేపు ఆగుతుందో లేదో నాకు తెలీదు. ఆగేది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు పరిగెత్తానో ఆ నలభై అడుగులు! ఎప్పుడు పరిగెత్తినా తిరిగి వచ్చేదాన్ని. టైము సరిపోయేది.

పిలవలేదు కూడా. పడవ దగ్గర పేరు పెట్టి పిలవకూడదు కదా! ఎంత బుద్ధిగా పాటించానో చూడండి.

"నిండిందా?" అన్నాడు మీ తాత.

కాళ్ళు కదల్లేదు అని ఎవరైనా చెప్తుంటారు ఇలాంటప్పుడు. కాళ్ళు కదల్లేదు, నిజమే. నోరు కదిలింది కదా?

నిండింది అన్నాను.

...

ఏడవకు హిమా. ఇది నీ ఏడుపు కాదు.

మనోజ్, నువ్వు అప్పుడు నా కడుపులో మూడో నెల. ఆ తరవాత ఎవరొచ్చి ఓదార్చినా నిన్ను చూపించేవారు. "పోనీలే లక్ష్మీ, కడుపులో కాయని కాపాడుకున్నావు" అనేవారు. నేను తల ఊపేదాన్ని. కొన్నేళ్ళు నేనూ నమ్మాను, నీ కోసమే ఆగిపోయానని. నీ మీద ఆ బరువు పెట్టి పంపించను. విను. ఆ క్షణంలో నువ్వు నాకు గుర్తు లేవు. మీ నాన్న గుర్తు లేడు. నాకు నా ప్రాణం ఒక్కటే గుర్తుంది. ఎవరి కోసమూ కాదు.

ఇంకా అవలేదు. ఇది ఇంకా చిన్నదే. దీనికంటే పెద్దది ఉంది.

మీ నాయనమ్మ ఫొటో ఇంట్లో ఎందుకు లేదని ఒకసారి అడిగారు. మీ నాన్న పెట్టనివ్వలేదు. పిల్లని చూసుకోలేకపోయిందని ఆయనకి ఆవిడ మీద కోపం. ఒక్కసారి కూడా తిట్టలేదు, కొట్టినా బాగుండేది. మాట్లాడ్డం మానేశాడు. సునామీ తరవాత సర్కారు మమ్మల్ని ఇటు తెచ్చి పెట్టిన తగరపు రేకుల క్యాంపులో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్ళం. ఒకే గదిలో ఉండి ఆవిడ కంచం వైపు చూసేవాడు కాదు. మీ తాత ఆ మౌనం భరించలేక తిరిగి హట్ బే వెళ్ళిపోయి అక్కడే పోయాడు. నువ్వు పుట్టినప్పుడు మీ నాయనమ్మ చేతులు చాచింది మనోజ్. మీ నాన్న నిన్ను ఇటు తిప్పేసుకున్నాడు. ఆ తరవాత ఆవిడ ఎప్పుడూ చేతులు చాచలేదు. హిమ పుట్టినప్పుడైతే చూడ్డానికి వచ్చి, తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నాకు ఇవ్వకండి, నేను అడగను అని చెప్పినట్టు.

ఇదంతా నేను చూశాను. ఒక్క మాట అంటే అయిపోయేది. ఏడేళ్ళు చూశాను.

పోయే ముందు నా చెయ్యి పట్టుకుంది. "లచ్చిమీ, నా ఒళ్ళో ఉందనుకున్నానే. ఒడి బరువుగానే ఉన్నాదే" అంది. నేనేమన్నానో తెలుసా? "పోనీలే అత్తా, మర్చిపో" అన్నాను. క్షమించేశాను! నేను, ఆవిడని!

పిల్లని ముసలావిడకి ఇచ్చెయ్ అని ఆ ఖైదీ అన్నాడు చూడండి. నాకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఇచ్చేశాను. చచ్చిన పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ ఏడేళ్ళు మోసింది.

ఇక పేరు సంగతి. మా రేకుల క్యాంపులో ఒక క్లర్కు ఫారాలు రాసుకునేవాడు. గల్లంతైనవాళ్ళ పేర్లు. మీ తాత చెప్పబోతే నేను అడ్డం పడ్డాను. "రాయకండి. రాస్తే పోయినట్టే. నా పిల్ల దొరుకుతుంది" అని గుండెలు బాదుకున్నాను. అందరూ తల్లి ఆశ అనుకున్నారు. ఆ క్లర్కు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఆశా లేదు, ఏం లేదు. ఆ ఫారంలో ఒక గడి ఉంది. చివరిసారి ఎవరు చూశారు, ఎక్కడ. ఆ గడిని చూసి భయపడ్డాను, అంతే. అందుకని అమ్ములు ఏ కాగితంలోనూ లేదు. చచ్చినవాళ్ళలో లేదు, బతికినవాళ్ళలో లేదు. పుస్తకంలోని ఆ క్యాంపులో శవాన్నైనా మోసుకొచ్చి వరసలో పెట్టారట, నేను నా పిల్లని ఏ వరసలోనూ పెట్టలేదు.

ఫెర్రీ దగ్గర తప్ప. ఒకటి, రెండు, మూడు.

ఈ పుస్తకం ఆఖరి పేజీలో ఆవిడ రాసింది, తన పిల్లలు వేరే దేశంలో, వేరే భాషలో పెరిగారని. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు, అది ప్రేమే అనుకున్నాను అని. చదివి పుస్తకం పక్కన పెట్టాను. పక్కన పెట్టిన రోజే చిన్నమ్మి ఫోన్.

మీ నాన్నకి నేనే చెప్తాను. ఇవాళే, ఆటో దిగగానే. మీరు చెప్పకండి. ఆయన ఏం చేస్తాడో నాకు తెలీదు. ఏం చేసినా మధ్యలోకి రాకండి. హిమా, అన్నం వండి ఉంచు, తింటే తింటాడు. నువ్వు పొద్దున్న ఓడెక్కాలి మనోజ్, ఏమైనా సరే ఎక్కు. జెట్టీకి నేను రాకపోతే అర్థం చేసుకో.

హట్ బేలో దిగాక చిన్నమ్మి దగ్గరికి వెళ్ళు. దిమ్మ మీద పేరు రాయించు. మీ నాన్న పేరు పెట్టి పైడిబాబు కూతురు అని వద్దు. నా పేరు అసలే వద్దు. ఇలా రాయించు: అమ్ములు, నాలుగేళ్ళు, కామమ్మ మనవరాలు. తెలుగులోనే. నీకు రాకపోతే ఇదిగో, ఈ కాగితం మీద నేను రాసి పెట్టాను. జేబులో పెట్టుకో. ఇది పోగొట్టకు నాన్నా, ఇంటి నిండా కాగితాలున్నాయి గానీ ఇలాంటిది ఇదొక్కటే.

ఆ తరవాత చిన్నమ్మికి చెప్పు. పేటలో మీ నాయనమ్మని ఎరిగినవాళ్ళు ఎంతమంది మిగిలారో అంతమందికీ చెప్పు. రేపు మీకు పిల్లలు పుడితే వాళ్ళకీ చెప్పండి. హిందీలో చెప్పినా ఫరవాలేదు. నన్ను మంచిదాన్ని చెయ్యకండి, వానలో కూర్చుని ఏడ్చింది పాపం అని కలపకండి. కామమ్మ తప్పేం లేదని ముందు చెప్పండి. పిల్ల ఆవిడ ఒళ్ళో లేదు, ఎప్పుడూ లేదు. కోడిగంప దగ్గర ఉంది, మా అమ్మ చూసింది, చూసి నిండింది అంది అని చెప్పండి.